విలన్ గుర్తుంటాడు, బాధితురాలు గుర్తుండదు: గోథిక్ సీరియళ్ల నుంచి 'నిశాంత్' గడి దాకా

'మిస్టర్ ఇండియా' (1987)లో మొగాంబో, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990)లో మాంత్రికుడు మహాద్రష్ట, 'ఆదిత్య 369' (1991)లో రాజావర్మ. అమ్రీష్ పురి వేసిన ఈ విలన్లు తెలుగు ప్రేక్షకులకు బాగా తెలుసు. వాళ్లను చూసి భయపడిన పిల్లలే మర్నాడు బడిలో ఆ గొంతును అనుకరించి నవ్వుకునేవారు. 1975లో వచ్చిన 'నిశాంత్'లో ఆయన వేసిన జమీందారును మాత్రం ఎవరూ సరదాకు అనుకరించరు.

తెలంగాణ నేపథ్యంలో శ్యామ్ బెనెగల్ తీసిన హిందీ సినిమా అది. దానికి మాటలు రాసినవారు సత్యదేవ్ దూబే. అమ్రీష్ పురిని రంగస్థలం మీద తీర్చిదిద్దింది కూడా ఆయనే. 1936లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో పుట్టారు.

ఒకే నటుడి విలనీ ఒకచోట వినోదంగా, మరోచోట మింగుడు పడని భయంగా ఎందుకు మారుతుంది? హింసను చూపించకుండా సూచించి వదిలేసే కథల్లో ఈ తేడా ఎక్కడ పుడుతుంది? దీనికి జవాబు వెతకాలంటే గోథిక్ కథల దగ్గర మొదలుపెట్టాలి.

గోథిక్ అంటే ఏమిటి?

1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను తొలి గోథిక్ నవలగా చెబుతారు. పాత కోట, దాని యజమాని, అతని గుప్పిట్లో చిక్కిన స్త్రీ, ఇంటి గోడల మధ్య దాగిన పాత పాపం ఈ కథల ముడిసరుకు. 1847 నాటి 'జేన్ ఐర్'లో ఇంటి పైగదిలో భార్యను బంధించిన భర్త ఉంటాడు. 1938 నాటి 'రెబెకా'లో చనిపోయిన మొదటి భార్య నీడ ఇల్లంతా పరుచుకుని ఉంటుంది.

దయ్యాలు, శాపాలు ఇందులో పైపూత మాత్రమే. తలుపు వేసుకున్న తర్వాత ఇంటి యజమాని ఏం చేస్తున్నాడు, అది తెలిసినవాళ్లు ఎందుకు నోరు విప్పరు అన్నదే ఈ కథల్లో అసలు భయం.

ఆ భయానికి ఒక పేరు కూడా గోథిక్ నాటకం నుంచే వచ్చింది. పాట్రిక్ హామిల్టన్ రాసిన 'గ్యాస్ లైట్' నాటకం 1938లో లండన్‌లో ప్రదర్శితమైంది. మరుసటి ఏడాదే బీబీసీ దాన్ని టెలివిజన్‌కు ఎక్కించింది. ఇందులో భర్త భార్యను కొట్టడు. ఇంట్లో వస్తువులు తనే దాచి, నువ్వే పోగొట్టావంటాడు. పై అంతస్తులో అతను దీపం వెలిగించినప్పుడల్లా కింది గదిలో గ్యాసు దీపం మసకబారుతుంది. ఆ తేడాను ఆమె కళ్లారా చూస్తూనే ఉంటుంది. అయినా తనకే మతి పోతోందేమోనని అనుకునే స్థితికి ఆమెను తెస్తాడు. ఎదుటి మనిషికి తన మీద తనకే నమ్మకం పోయేలా చేయడాన్ని ఇప్పుడు 'గ్యాస్‌లైటింగ్' అంటున్నారు. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2022 సంవత్సరపు మాటగా దీన్నే ఎంచుకుంది.

అంటే చట్టాల్లో ఇంకా పేరులేని ఒక హింసను ప్రేక్షకులు ముందుగా విలన్ రూపంలోనే గుర్తుపట్టారు. హింసను దాచి చెప్పే కథల బలం ఇది. బలహీనత ఎక్కడుందో తెలియాలంటే 1960ల నాటి ఒక అమెరికన్ సీరియల్‌ను చూడాలి.

మధ్యాహ్నం పూట రక్తపిశాచి

ఏబీసీ చానల్‌లో 1966 జూన్ 27న మొదలై 1971 ఏప్రిల్ 2 దాకా 1,225 ఎపిసోడ్లు నడిచిన సీరియల్ 'డార్క్ షాడోస్'. సృష్టికర్త డాన్ కర్టిస్. మెయిన్ రాష్ట్రంలోని ఒక ఊహాజనిత రేవు పట్టణంలో కాలిన్స్ కుటుంబపు పెద్ద భవంతి ఈ కథకు కేంద్రం. ఇంటి యజమానురాలు ఎలిజబెత్ 18 ఏళ్లుగా ఆ భవంతి దాటి బయటకు రాదు. ఆమె రహస్యం తెలిసిన జేసన్ మెక్‌గ్వైర్ ఇంట్లో తిష్ట వేసి, బెదిరించి డబ్బు గుంజుతాడు. చివరికి తనను పెళ్లాడమని ఒత్తిడి తెస్తాడు. ఈ భాగంలో దయ్యం లేదు. బ్లాక్‌మెయిల్ ఉంది, ఇంట్లోనే ఖైదయిన ఒక స్త్రీ ఉంది.

1967 ఏప్రిల్‌లో బార్నబాస్ కాలిన్స్ అనే రక్తపిశాచి పాత్ర వచ్చింది. నటుడు జొనాథన్ ఫ్రిడ్. నగల కోసం వెతుకుతూ శవపేటిక తెరిచిన విల్లీ లూమిస్‌ను బార్నబాస్ బానిసగా మార్చుకుంటాడు, చేతికర్రతో కొడతాడు. మ్యాగీ ఎవాన్స్ అనే హోటల్ పనమ్మాయిని ఎత్తుకుపోయి పాత భవంతిలో బంధిస్తాడు. ఎన్నడో చనిపోయిన తన ప్రియురాలి బట్టలు తొడిగించి, ఆ ప్రియురాలి పేరుతోనే పిలుస్తాడు. నువ్వు నువ్వు కాదు, నేను చెప్పిన మనిషివి అని ఆమెను నమ్మించాలని చూస్తాడు. ఎదురు తిరిగితే చీకటి గదిలో పడేస్తాడు.

ఇవన్నీ పగటి పూట, బడి నుంచి వచ్చిన పిల్లలు కూడా చూసిన కార్యక్రమంలో జరిగాయి. అమెరికా ప్రసార సంస్థలకు 1952 నుంచి అమలైన ఒక నియమావళి ఉండేది. దానికి తోడు ప్రతి నెట్‌వర్క్‌లో పరిశీలన విభాగం ఉండేది. కాబట్టి బందీ అయిన స్త్రీ మీద జరిగే దౌర్జన్యాన్ని నేరుగా చూపే వీల్లేదు. మూసిన తలుపు, సంగీతం వినిపించే పెట్టె, మెడ మీద గాయం చూపి ఊరుకునేవారు. మిగతాది ప్రేక్షకుడు ఊహించుకోవాల్సిందే.

ఆ తర్వాత జరిగినది ఈ సీరియల్ చరిత్రలో ముఖ్యమైన మలుపు. కొన్నాళ్ల కోసం తెచ్చిన బార్నబాస్‌కు విపరీతమైన ఆదరణ దక్కింది. అతన్ని చంపడం కుదరదు, విలన్‌గానే ఉంచడమూ కుదరదు. మ్యాగీ తప్పించుకున్నాక ఆమెకు వైద్యం చేయాల్సిన డాక్టర్ జూలియా హాఫ్‌మన్ బార్నబాస్‌ను కాపాడటం కోసం వశీకరణతో ఆమె జ్ఞాపకాలను చెరిపేస్తుంది. ఆ తర్వాత కథ 1795లోకి వెళ్లి, అతను ఒక మంత్రగత్తె శాపానికి బలైన ప్రేమికుడని చెబుతుంది. విలన్ కథానాయకుడు అవుతాడు. బాధితురాలికి తనకేం జరిగిందో గుర్తుండదు.

దాచి చెప్పడంలో ఉన్న చిక్కు ఇదే. ఏం జరిగిందో కళ్లతో చూడలేదు కాబట్టి దాన్ని మర్చిపోవడం ప్రేక్షకుడికి సులువు. బాధితురాలి జ్ఞాపకాన్ని కథే తుడిచేస్తే పని మరీ తేలిక.

మన బుల్లితెర మీద

భారతీయ టెలివిజన్‌కు ఈ ధోరణి ఆలస్యంగా వచ్చింది. దూరదర్శన్‌లో 1989లో 'కిలే కా రహస్య', 1993లో జీ టీవీలో రామ్సే సోదరుల 'జీ హారర్ షో' వచ్చాయి. దేవకీనందన్ ఖత్రీ 1888 నాటి నవల ఆధారంగా నీర్జా గులేరీ తీసిన 'చంద్రకాంత' 1994లో దూరదర్శన్‌లో మొదలైంది. అందులో క్రూర్ సింగ్‌గా అఖిలేంద్ర మిశ్రా వేసిన విలన్ ఆ తరం పిల్లలకు ఇష్టుడైపోయాడు. రాకుమారి మీద కన్నేసి, రాజ్యాల మధ్య చిచ్చుపెట్టేవాడి ఊతపదం వాళ్లకు నవ్వులాట అయింది. బార్నబాస్ విషయంలో జరిగినదే ఇక్కడా మరో రూపంలో జరిగింది.

అయితే కోట, యజమాని, బందీ అయిన స్త్రీ, నోరు విప్పని ఊరు అన్న ముడిసరుకును వినోదంగా మార్చకుండా వాడిన దారి ఒకటి మన దగ్గర అప్పటికే ఉంది. బొంబాయి నాటకరంగం నుంచి సినిమాలోకి వచ్చిన ఆ దారిలో దూబే ముఖ్యుడు.

రైల్వే ఊరి నుంచి బొంబాయి నాటకానికి

బిలాస్‌పూర్‌ను పెద్ద ఊరిని చేసింది రైలు. నాగ్‌పూర్–ఛత్తీస్‌గఢ్ లైనును పొడిగించి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వైపు తీసుకెళ్లడానికి 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడింది. ఇప్పుడు సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. కొర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఆ ఊరి మీదుగానే నడుస్తుంది. హిందీ నాటక రచయిత శంకర్ శేష్ (1933–1981) పుట్టింది కూడా బిలాస్‌పూర్‌లోనే.

దూబే క్రికెటర్ కావాలని బొంబాయి చేరారు. అక్కడ ఇబ్రహీం అల్కాజీ నడిపే థియేటర్ యూనిట్‌లో కలిశారు. అల్కాజీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కోసం ఢిల్లీ వెళ్లాక ఆ బృందం బాధ్యత దూబే తీసుకున్నారు. ధర్మవీర్ భారతి 'అంధాయుగ్', గిరీశ్ కర్నాడ్ 'హయవదన', బాదల్ సర్కార్ 'ఏవమ్ ఇంద్రజిత్', మోహన్ రాకేశ్ 'ఆధే అధూరే' వంటి నాటకాలను హిందీ ప్రేక్షకుల ముందుకు తెచ్చారు. ఈఎస్ఐ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్రీష్ పురి ఈ బృందంలోనే నటుడిగా ఎదిగారు. వయసులో దూబే తనకంటే నాలుగేళ్లు చిన్నవారైనా, పురి ఆయన్ను గురువుగానే చెప్పుకున్నారు.

హింసను చూపకుండా చెప్పడం దూబేకు కొత్త కాదు. విజయ్ టెండూల్కర్ నాటకం ఆధారంగా 1971లో ఆయన మరాఠీలో 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే' సినిమా తీశారు. కెమెరా గోవింద్ నిహలానీ. ఒక ఊరికి ప్రదర్శన కోసం వచ్చిన నాటక బృందం పొద్దుపోక ఉత్తుత్తి కోర్టు ఆట మొదలుపెడుతుంది. ముద్దాయిగా నిలబెట్టింది బేణారే అనే అవివాహిత టీచరును. నేరం భ్రూణహత్య. ఆట సాగేకొద్దీ అది ఆమె నిజజీవితం మీద విచారణగా మారుతుంది. తోటివాళ్లంతా కలిసి ఆమెను మాటలతోనే చీల్చి చెండాడతారు. ఆమె గర్భానికి కారణమైన ప్రొఫెసర్ నాటకంలో ఎక్కడా కనిపించడు. 

ఇక్కడ కోరలున్న విలన్ లేడు. నలుగురు మర్యాదస్తులు ఉన్నారు. అసలు బాధ్యుడు ఎక్కడున్నాడని అడిగేవారు మాత్రం లేరు. ప్రేక్షకుడి చూపు చివరిదాకా బేణారే మీదే ఉంటుంది కాబట్టి ఎవరూ నవ్వుకుంటూ ఇంటికి వెళ్లలేరు.

ఒకే ఏడాది: ఊళ్లకు టీవీ, తెరపైకి 'నిశాంత్'

1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల్లో ఊరుమ్మడి టీవీలు పెట్టారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో బిలాస్‌పూర్ ప్రాంతపు పల్లెలు, ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. ఏడాది పాటు సాగిన ఆ ప్రయోగం కోసం బెనెగల్ కూడా పిల్లల కార్యక్రమాలు తీశారు. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి ఆ టీవీ చెప్పింది. అవే పల్లెల్లో దొర ఇంటి తలుపు వెనుక ఏం జరిగేదో అదే ఏడాది విడుదలైన 'నిశాంత్' చెప్పింది.

సికింద్రాబాద్ తిరుమలగిరిలో పెరిగిన బెనెగల్ అంతకుముందు ఏడాదే 'అంకుర్' తీశారు. దానికీ మాటలు దూబేవే. రెండు సినిమాల్లోనూ పాత్రలు పుస్తకాల హిందీ కాకుండా దక్కనీ యాస మాట్లాడతాయి. 'నిశాంత్' స్క్రీన్‌ప్లే విజయ్ టెండూల్కర్‌ది, కెమెరా నిహలానీది.

కథాకాలం 1945. ఊరిని శాసించే నలుగురు జమీందారు అన్నదమ్ములు. పెద్దవాడు అమ్రీష్ పురి. మధ్యవాళ్లు అనంత్ నాగ్, మోహన్ ఆగాషే. చిన్నవాడు విశ్వంగా నసీరుద్దీన్ షా, అతని భార్య రుక్మిణిగా స్మితా పాటిల్. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు (గిరీశ్ కర్నాడ్) భార్య సుశీల (షబానా ఆజ్మీ) మీద విశ్వం కన్ను పడుతుంది. ఒక రాత్రి అతని అన్నలు ఆమెను ఇంటి నుంచి ఎత్తుకుపోతారు. పంతులు అరుస్తాడు. ఎవరూ రారు.

గడిలో ఆమె మీద జరిగిన అత్యాచారాన్ని సినిమా చూసే వస్తువుగా మార్చదు. దాని బదులు బయట జరిగేదంతా వివరంగా చూపుతుంది. పంతులు పోలీసు దగ్గరికి, వకీలు దగ్గరికి, కలెక్టరు దగ్గరికి తిరుగుతాడు. ప్రతిచోటా ఒక కారణం చెప్పి పంపేస్తారు. అమ్రీష్ పురి పాత్రలోని భయం ఇక్కడే ఉంది. ఎత్తుకుపోయింది అతను కాదు, తమ్ముళ్లు. అతను చేసేది ఆ ఇంటికి ఏమీ కాకుండా చూసుకోవడం. దానికి పెద్ద డైలాగులు అక్కర్లేదు. అతని పేరు వింటే అధికారులే తలుపులు మూసుకుంటారు.

సుశీల జ్ఞాపకాన్ని సినిమా చెరిపేయదు. గుడిలో భర్త ఎదురైనప్పుడు, తన కోసం ఏం చేశావని ఆమె అతన్నే నిలదీస్తుంది. ఊరిని కదిలించే పనిలో పంతులుకు తోడు నిలిచేది గుడి పూజారి. ఆ పూజారి వేషం వేసింది సత్యదేవ్ దూబేనే. విలన్‌కు మాటలు రాసిన మనిషే, ఆ విలన్ మీదికి ఊరిని లేపే పాత్రలో కనిపిస్తారు.

అయితే తిరుగుబాటు కూడా ఊరట ఇవ్వదు. జనం గడి మీద పడి జమీందార్లను చంపుతారు. ఆ ఆవేశంలో రుక్మిణినీ, చివరికి సుశీలనూ వదలరు. ఎవరి కోసం ఊరు కదిలిందో ఆమే మిగలదు. ఈ సినిమా ఆ ఏటి ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. 1976లో కాన్ చిత్రోత్సవంలో పోటీ విభాగంలో నిలిచింది.

గడి కల్పన కాదు

యూరప్ గోథిక్ కథల్లోని కోట చాలావరకు రచయిత ఊహ. గడి అలా కాదు. నిజాం పాలనలోని తెలంగాణలో దేశ్‌ముఖ్‌లు, దొరలు ఊళ్ల మీద చేసిన వెట్టి, పెళ్లయి వచ్చే దొరసాని వెంట పుట్టింటి నుంచి పంపే ఆడబాపల బతుకు చరిత్రలో ఉన్నవే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాక తెలంగాణ సాయుధ పోరాటం ఊపందుకుంది. 'నిశాంత్' కథాకాలం దానికి ఒక్క ఏడాది ముందు.

గడి లోపలి జీవితాన్ని తెలుగులో చెప్పిన సినిమా బి.నర్సింగరావు 'దాసి' (1988). కమలాక్షిగా అర్చన నటించారు. నీళ్లు మోయడం, వంటింటి పని, దొరసాని సేవ, పిలిచినప్పుడు దొర గదికి వెళ్లడం, అన్నీ ఒకే దినచర్యలో భాగంగా సాగిపోతాయి. దొర గర్జించడు. అతనికి ఆ అవసరం లేదు. గర్భం వస్తే తీయించుకోమంటారు, ఆమె మాటకు అక్కడ చోటు లేదు. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి సహా ఈ సినిమాకు 5 జాతీయ అవార్డులు దక్కాయి. తోట వైకుంఠం కళాదర్శకత్వానికి వచ్చింది కూడా అందులో ఒకటి.

'డార్క్ షాడోస్', 'నిశాంత్', 'దాసి' మూడూ హింసను చాలావరకు తలుపు అవతలే ఉంచాయి. మొదటిదానిలో కథ తలుపు లోపలున్న మగవాడి దుఃఖం వైపు తిరిగింది. మిగతా రెండింటిలో స్త్రీ వైపే నిలబడింది. విలన్ ఎంత భయంకరంగా ఉన్నాడన్నదాని కన్నా, కథ ఎవరి జ్ఞాపకాన్ని కాపాడిందన్నదే తేడా తెచ్చింది.

తెర మీది సూచన, చట్టంలో పేరు

గోథిక్ కథలు సూచనగా చెప్పినవాటికి ఇప్పుడు చట్టంలో పేర్లున్నాయి. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస నిరోధక చట్టం (2005) శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించడాన్నీ హింసగానే గుర్తించింది. ఇంగ్లండ్, వేల్స్‌లో కుటుంబ సభ్యులను అదుపులో పెట్టుకుని వేధించడం 2015 చట్టంతో నేరమైంది. భార్య వస్తువులు దాచి ఆమెనే పిచ్చిదాన్ని చేసిన 'గ్యాస్ లైట్' భర్త ఇవాళ ఈ నిర్వచనాల్లో ఇమిడిపోతాడు.

దూబే ఆ తర్వాత 'భూమిక' స్క్రీన్‌ప్లేకు బెనెగల్, కర్నాడ్‌లతో కలిసి జాతీయ అవార్డు, 'జునూన్' మాటలకు ఫిల్మ్‌ఫేర్ అవార్డు పొందారు. 2011లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 25న ముంబయిలో కన్నుమూశారు. అప్పటికి అమ్రీష్ పురి చనిపోయి ఆరేళ్లు దాటింది. పురి పేరు చెబితే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది మొగాంబోనే. 'నిశాంత్' చూసినవాళ్లకు మాత్రం ఆ పేరుతో పాటు, గుడిలో భర్తను నిలదీసిన సుశీల కూడా గుర్తొస్తుంది.